ర్యాప్ పాట: నాటి వీధి, నేటి అంగడి

రానున్న మహాసభ రెండవరోజు సాయంత్రం జరుపవలసిన సాంస్కృతిక కార్యక్రమం గురించి గత నెల మా కార్యవర్గ సమావేశంలో చర్చ వచ్చింది. ప్రతిసారీ ఉండేవే ఈసారీ జాబితాకెక్కాయి: బృందగానం, ఒక ఏకాంకిక, పిల్లల నృత్యం, వీలైతే బుర్రకథ. ఇక అంతేననుకుంటున్న సమయంలో వెనుక వరుసలో కూర్చున్న ఒక యువ సార్టింగ్ అసిస్టెంటు లేచి, తనకు పది నిమిషాలు కేటాయిస్తే ర్యాప్ పాట వినిపిస్తానన్నాడు. సభలో నవ్వులు లేచాయి. ఒక సీనియర్ కామ్రేడ్ "ఇది కార్మిక మహాసభ, పెళ్ళి ఊరేగింపు కాదు" అన్నారు. మేము నవ్వలేదు గాని, నవ్విన వారిని వారించనూ లేదు. "అమెరికా వ్యాపార సరుకును మన వేదిక మీదికి ఎక్కించలేము బాబూ" అని మా వంతు మాట చెప్పి తదుపరి అంశంలోకి వెళ్ళిపోయాము.

సమావేశం ముగిసిన తరువాత ఆ యువకుడు మెట్ల దగ్గర మమ్మల్ని కలుసుకున్నాడు. కోపమేమీ లేకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీరు ఏ పాట విని ఆ మాట అన్నారు కామ్రేడ్?"

నిజాయితీగా చెప్పవలసివస్తే మా వద్ద సమాధానం లేదు. ర్యాప్ అనే మాట మేము మొదట విన్నది 1992లో, బాబా సెహగల్ 'ఠండా ఠండా పానీ' దేశమంతటా మోగిన రోజుల్లో. అది అమెరికాలో వనిల్లా ఐస్ అనే గాయకుని పాటకు అనుకరణ అనీ, ఆ పాట వెనుక ఉన్న వాద్యధ్వని బ్రిటిష్ బృందం క్వీన్, డేవిడ్ బోవీ కలిసి చేసిన పాటనుంచి తెచ్చుకున్నదనీ తరువాత తెలిసింది. అరువుమీద అరువు. హాస్యానికి పనికివచ్చే గోల అనుకున్నాము. ఆ తరువాత ముప్పై ఏళ్ళపాటు ఆ అభిప్రాయాన్ని తిరిగి పరిశీలించలేదు. యాజమాన్యం మన వినతిపత్రాన్ని చదవకుండా తిరస్కరిస్తే మనం ఎంత గొంతెత్తి ప్రశ్నిస్తామో పాఠకులకు తెలుసు. వినకుండా తిరస్కరించిన పని ఇక్కడ మేమే చేశాము.

కనుక ఆ యువకునిచేత ఒక జాబితా రాయించుకుని, రాత్రి భోజనాలయ్యాక మా అబ్బాయి ఫోనులో మూడు వారాలపాటు విన్నాము. తెలియని పదాలకు అర్థం అడిగి తెలుసుకున్నాము, ఆ పాటలు పుట్టిన నగరం చరిత్ర కొంత చదివాము. దానితో మా అభిప్రాయం రెండు ముక్కలైంది. 1970 దశకం మధ్యనుంచి 1990 దశకం తొలి సంవత్సరాల వరకు వచ్చిన హిప్ హాప్ విషయంలో సమావేశంలో మేమన్న మాటను బేషరతుగా ఉపసంహరించుకుంటున్నాము. ఈనాడు అత్యధికంగా అమ్ముడుపోతున్న ర్యాప్‌లో అధికభాగం విషయంలో మాత్రం ఆ మాటను వెనక్కు తీసుకోవలసిన అవసరం మాకు కనిపించలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం. పెద్దవారికి పాతదంతా బంగారమన్న సామెత లాంటి మాటతో ఇది తేలిపోయేది కాదు. ఈ పాటలు మా యవ్వనంలోనివి కావు. వాటిమీద మాకు పాత ప్రేమ ఏదీ లేదు.

మొదట ఆ నగరాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. హిప్ హాప్ పుట్టిన చోటు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతం. 1948-63 మధ్య ఆ ప్రాంతాన్ని నడిమికి చీల్చుతూ ఒక మహా రహదారిని నిర్మించారు. వేలాది శ్రామిక కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేయవలసివచ్చింది. స్తోమత కలిగినవారు శివార్లకు తరలిపోగా, నీగ్రోలని ఆనాడు పిలువబడిన నల్లజాతివారు, పోర్టోరికోనుంచీ కరీబియన్ దీవులనుంచీ వచ్చిన పేదలు మిగిలారు. అద్దెలు గిట్టుబాటు కాని యజమానులు మరమ్మతులు మానేశారు. భీమా సొమ్ము కోసం తమ భవనాలను తామే తగులబెట్టించిన యజమానులూ ఉన్నారు. బ్రాంక్స్‌లో జనాభా లెక్కల నిమిత్తం విభజించిన 289 వార్డులలో 44 వార్డులు 1970-80 మధ్య సగానికి పైగా భవనాలను అగ్నిప్రమాదాలవల్ల, పాడుబడడంవల్ల పోగొట్టుకున్నాయి.

1975లో న్యూయార్క్ నగర పాలనాయంత్రాంగం దివాలా అంచుకు చేరింది. వేలాది నగర ఉద్యోగులకు ఉద్వాసన చెప్పారు. భూగర్భ రైలు టిక్కెట్టు 35 సెంట్లనుంచి 50 సెంట్లకు పెరిగింది. ఆ మరుసటి సంవత్సరం నగర విశ్వవిద్యాలయంలో ఉచిత విద్య రద్దయింది. పాఠశాలల్లో సంగీతం, కళల తరగతులకు కోత పడింది. తపాలా మిత్రులలో పెద్దవారికి మరొక సంగతి జ్ఞాపకముండవచ్చు: 1970 మార్చిలో ఈ నగరపు తపాలా ఉద్యోగులు ప్రారంభించిన సమ్మె దేశంలోని అనేక నగరాలకు పాకగా, ఉత్తరాలు వేరుచేయడానికి అధ్యక్షుడు నిక్సన్ సైనికులను దించాడు. అటువంటి నగరం అది. పిల్లలకు వాయిద్యాలు కొనిపెట్టగలిగిన స్థితి ఆ పేటలలోని ఇళ్ళకూ లేదు, బడికీ లేదు.

ఉన్నవి పాత గ్రామఫోను రికార్డులు.

1973 ఆగస్టు 11వ తేదీన సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు అపార్ట్‌మెంటు భవనంలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడులు తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు సమకూర్చుకుందామని, కిందనున్న సమావేశపు గదిలో ఒక విందు ఏర్పాటు చేసింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్, డి.జె. కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడైనవాడు, జమైకాలో పుట్టి బాల్యంలో న్యూయార్క్ చేరినవాడు. పాటలో గాయకుడు ఆగి, తక్కిన వాద్యాలు తగ్గి, డ్రమ్ము ఒక్కటే మోగే కొద్ది సెకన్ల ఘట్టం దగ్గర నృత్యం చేసేవారు రెచ్చిపోతున్నారని అతడు గమనించాడు. ఆ ఘట్టాన్ని ఎంతసేపైనా సాగదీయడానికి, ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు యంత్రాలమీద పెట్టి, ఒకటి అయిపోతుండగా రెండవదాన్ని అందుకునే పద్ధతి పట్టుకున్నాడు. ప్రపంచం చుట్టివచ్చిన ఒక కళకు పునాది ఇంతే.

ఆ పనిని శాస్త్రంగా మలిచినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. ఇతని అసలు పేరు జోసెఫ్ సాడ్లర్, పుట్టుక బార్బడోస్ దీవిలో. ఇతడు ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు నేర్చుకున్నది బ్రాంక్స్‌లోని శామ్యూల్ గాంపర్స్ వృత్తివిద్యా పాఠశాలలో. ఈ పేరు చదివినప్పుడు మేము ఒక్క క్షణం ఆగిపోయాము. గాంపర్స్ అనగా చుట్టలు చుట్టే కార్మికుడిగా జీవితం ప్రారంభించి, 1886లో అమెరికన్ కార్మిక సమాఖ్యను స్థాపించినవారిలో ముఖ్యుడు. ఆయన పంథాతో మాకు ఏకీభావం లేదు, ఆ చర్చ ఇక్కడ అనవసరం. కాని ఒక కార్మిక నాయకుని పేరు పెట్టిన బడిలో సోల్డరింగ్ నేర్చిన కుర్రవాడు, పారవేసిన రేడియోలలోని భాగాలు ఏరుకుని, ఒక రికార్డు మోగుతుండగా రెండవదాన్ని తాను మాత్రమే చెవిలో వినగలిగే స్విచ్చి తయారుచేసుకున్నాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు పెట్టుకుని, డ్రమ్ము ఘట్టం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో చూపుతోనే పట్టేవాడు. మన వర్కుషాపులలో ఫిట్టర్లు ఇటువంటి ఉపాయాలు ఎన్ని చేస్తారో, అవి ఏ మాన్యువల్‌లోనూ ఎక్కకుండా ఎలా పోతాయో తెలిసినవారికి ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. వీధి దీపాల స్తంభాలనుంచి విద్యుత్తు తీసుకుని పార్కుల్లో పాటలు పెట్టడం మాత్రం విద్యుత్ శాఖ మిత్రులు మెచ్చే పని కాదు!

హిప్ హాప్ అంటే ఒక్క పాట మాత్రమే కాదని కూడా చెప్పాలి. రికార్డులు తిప్పే డి.జె., మైకు పట్టి మాట పలికే ఎం.సి., నేలమీద శరీరాన్ని బొంగరంలా తిప్పే నృత్యం, రైలు పెట్టెలమీద రంగుల రాత, నాలుగూ కలిసిన వీధి సంస్కృతికి అది పేరు. ర్యాప్ అందులో మాట పలికే భాగం. రాత విషయంలో మన రెండు శాఖలకూ సంబంధించిన ముచ్చట ఒకటుంది. తన పేరును నగరమంతటా రాసి, 1971లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకెక్కిన టాకి 183 అనే యువకుని ఉద్యోగం, కవర్లు పట్టుకుని నగరమంతా తిరిగి చేరవేసే మెసెంజరు పని. చేరవేతకు వెళ్ళిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేవాడు. తరువాతి కాలంలో రైలు పెట్టెలు పైనుంచి కిందికి రంగులతో నిండిపోయాయి. ఆ రంగులను కడగవలసివచ్చినవారు కూడా కార్మికులేనన్న సంగతిని కళాభిమానులు రాసిన పుస్తకాలు తరచు మరుస్తాయి. రైల్వే వారి పక్షాన మేము ఆ మాట గుర్తు చేయకుండా ముందుకు సాగలేము.

ఇక పాట.

మేము విన్నవాటిలో మొదట మనసుకెక్కినది, 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేరుమీద వెలువడిన 'ది మెసేజ్'. ఏడు నిమిషాల పైచిలుకు పాట. నృత్యానికి వేసే రికార్డులకంటె నడక నెమ్మది. వాద్యం తక్కువ. ఒక మనిషి తన పేటలోని బ్రతుకును మెట్టుమెట్టుగా చెప్పుకుపోతాడు: మెట్లమీది గాజుపెంకులు, అప్పులవాళ్ళ ఫోన్లు, ధరల పెరుగుదల, చదువు మీద విసుగెత్తిన కొడుకు. పనికి వెళ్ళే రైలు సమ్మెవల్ల ఆగిపోయిన సంగతి కూడా ఒకచోట వస్తుంది. పాట వెలువడడానికి రెండేళ్ళ ముందు, 1980 ఏప్రిల్‌లో న్యూయార్క్ రవాణా కార్మికులు 11 రోజులు సమ్మె చేశారు. సమ్మె చేసిన ఒక్కొక్క దినానికి రెండు దినాల వేతనం చొప్పున కోల్పోయే చట్టం అక్కడ ఉన్నా వెనుదీయలేదు. పాటలోని మనిషికి సమ్మెమీద ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. అతని కష్టాలలో అదొకటి. ఈ నిజాయితీ మాకు నచ్చింది. సమ్మె కాలంలో ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయిన దినకూలీ ముఖాన్ని మనం మన కరపత్రాలలో ఎన్నడైనా రాశామా అని ఆలోచనలో పడ్డాము.

చివరి చరణంలో ఒక శిశువు పుట్టుకనుంచి జైలుగదిలో మరణం వరకు కథ నడుస్తుంది. పాట ముగిశాక చిన్న నాటకం: వీధి మూలన మిత్రులు కబుర్లు చెప్పుకుంటుండగా పోలీసులు వచ్చి, కారణం చెప్పకుండా బండిలోకి ఎక్కించుకుపోతారు. తలుపు చప్పుడుతో రికార్డు ఆగిపోతుంది. ఇందులో ఉపదేశం లేదు, పిడికిలి లేదు, జెండా లేదు. పేరు 'సందేశం' అని పెట్టి, సందేశం ఎక్కడా చెప్పకుండా వదిలిపెట్టిన పాట ఇది. మన సాంస్కృతిక దళాలు దీనినుంచి నేర్చుకోదగినది ఉందని మా అభిప్రాయం.

ఈ పాట చరిత్ర మరీ ఆసక్తికరం. దానిలో అధికభాగం రాసినవాడు ఎడ్ ఫ్లెచర్ అనే స్టూడియో వాద్యకారుడు, డ్యూక్ బూటీ అనేది ఇతని వ్యవహారనామం. మరికొంత మెలీ మెల్‌ది. రికార్డు మీద ర్యాప్ చరణాలు పలికిన కంఠాలు వీరిద్దరివే. బృందంలోని తక్కినవారు ఇటువంటి దిగులు పాటకు ఎవరు ఆడతారని మొదట విముఖత చూపారు. కంపెనీ యజమానురాలు సిల్వియా రాబిన్సన్ పట్టుబట్టి చేయించింది. యజమాని అభిరుచి కార్మికుని అభిరుచికంటె మెరుగ్గా ఉన్న సందర్భాలు అరుదుగానైనా ఉంటాయని ఒప్పుకోక తప్పదు. రాయల్టీల విషయమై అదే కంపెనీమీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ కోర్టుకెక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మాటల పనితనం గురించి కూడా చెప్పాలి. పద్యం చదివి డిగ్రీ పుచ్చుకున్న తెలుగువారము గనుక యతిప్రాసల పట్ల మాకు సహజమైన వ్యామోహం ఉంది. తొలినాటి ర్యాప్ అంత్యప్రాసలతో తృప్తి చెందేది, రెండు పాదాలకొకసారి గంట కొట్టినట్లు. 1987లో ఎరిక్ బి. అండ్ రకీమ్ 'పెయిడ్ ఇన్ ఫుల్' వచ్చాక ఆ లెక్క మారింది. రకీమ్ పాదం మధ్యలో ప్రాస వేస్తాడు, వాక్యాన్ని పాదం చివర ఆపకుండా తరువాతి పాదంలోకి జారవిడుస్తాడు, ఊపిరిని తాళానికి అటూ ఇటూ జరుపుతాడు. అతడు బాల్యంలో సాక్సోఫోన్ వాయించేవాడని, జాజ్ సంగీతం అతని చెవిలో ఉన్నదని చదివాక దాని మర్మం కొంత బోధపడింది. గొంతు పెంచడు. అరుపులనే ఆవేశమనుకునే మా వంటి ఉపన్యాసకులకు ఆ నిదానం సిగ్గు కలిగించింది.

ఇంకా ఎన్నో ఉన్నాయి. పబ్లిక్ ఎనిమీ బృందం 1988-90 మధ్య చేసిన పాటలు పదుల కొలది పాత రికార్డుల ముక్కలను కుట్టి చేసిన బొంతల వంటివి. నల్లవారి పేటలకు అంబులెన్సు ఆలస్యంగా రావడంమీద 1990లో వారు చేసిన పాట ప్రభుత్వ సేవల గురించి మేము విన్న అతి పదునైన వ్యంగ్యాలలో ఒకటి. ప్రజాసేవా శాఖలలో పనిచేసే మనకు అది వినడం సుఖంగా ఉండదు. వినవలసినదే. 1989లో అనేకమంది గాయకులు కలిసి పేటలలోని హింసకు వ్యతిరేకంగా చేసిన 'సెల్ఫ్ డిస్ట్రక్షన్' ఆదాయాన్ని నేషనల్ అర్బన్ లీగ్ అనే సేవాసంస్థకు ఇచ్చారు. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 1991లో చేసిన 'ది లో ఎండ్ థియరీ'లో ఒక పాటకు జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ స్వయంగా బేస్ వాయించాడు. ఇది మాత్రం ఏ వాదనా లేకుండా హాయిగా వినదగినది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి నిద్ర పట్టని వేళకు మేము సిఫారసు చేస్తున్నాము.

ఇంతవరకు చదివి, నాటివారంతా సత్యహరిశ్చంద్రులు, నేటివారంతా డబ్బు మనుషులని మేము చెబుతున్నట్లు ఎవరూ భావించరాదు. దోపిడీ మొదటి రికార్డుతోనే మొదలైంది. 1979లో వెలువడి ర్యాప్‌ను దేశమంతటా మోగించిన 'ర్యాపర్స్ డిలైట్' పాడిన ముగ్గురు అప్పటివరకు ఒక బృందమే కాదు, కంపెనీ పోగుచేసినవారు. వారిలో ఒకడు ఆనాడు పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. అతడు పాడిన చరణాలు బ్రాంక్స్‌లో ప్రసిద్ధుడైన గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి, నోటు పుస్తకంనుంచి ఎత్తి పాడినవి. కాజ్ మారుపేరును అక్షరం అక్షరంగా పలికే చోటు కూడా మార్చకుండా అలాగే ఉంచేశారు! కాజ్‌కు పాటమీద పేరు రాలేదు, రావలసిన డబ్బూ రాలేదు. వెనుక మోగిన వాద్యం షిక్ బృందానిది. వారు కోర్టుకు పోతామని హెచ్చరించి రచయితలుగా తమ పేర్లు వేయించుకోగలిగారు. న్యాయవాదిని పెట్టుకోగలిగినవారికి న్యాయం దొరికింది, పేటలో మిగిలినవానికి దొరకలేదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? తరం చెడిపోయిందని, యంత్రాలు చెడగొట్టాయని చెప్పేవారున్నారు. యంత్రాల వాదన నిలువదు. నేటి ర్యాప్‌లో గుండెను అదరగొట్టే బేస్ శబ్దానికి మూలమైన రోలండ్ 808 యంత్రం 1980లో వచ్చినది. 1982నాటి పాటలలోనే అది మోగింది. తరం మాటా నిలువదు. నాటి కుర్రవాళ్ళు కూడా తమ బూట్లను గురించి గొప్పలు చెప్పుకున్నవారే. రన్ డి.ఎం.సి. బృందం 1986లో అడిడాస్ బూట్లమీద పాట పాడింది, ఆ కంపెనీతో ఒప్పందం కూడా చేసుకుంది. అయితే అదే బృందం మూడేళ్ళ ముందు నిరుద్యోగం మీద పాట కట్టింది, రెండూ రేడియోలో వినవచ్చేవి.

మా పరిశీలనలో మార్పు తెచ్చినవి కొన్ని తీర్పులు, కొన్ని చట్టాలు, లెక్క కట్టే పద్ధతులు. 1991లో బిజ్ మార్కీ అనే గాయకుని కేసులో అమెరికన్ కోర్టు, అనుమతి లేకుండా పాత రికార్డు ముక్క వాడడం దొంగతనమేనని తేల్చి చెప్పింది. పాత సంగీతకారులకు వాటా రావలసినదే, అందులో మాకు సందేహం లేదు. కాని ఆచరణలో ప్రతి ముక్కకూ ముందుగా ధర కట్టవలసివచ్చేసరికి, పబ్లిక్ ఎనిమీ కుట్టిన బొంత వంటిది కుట్టడం ధనికులకు తప్ప సాధ్యం కాకుండా పోయింది. డి లా సోల్ బృందం 1989నాటి తొలి ఆల్బం ఇటువంటి హక్కుల చిక్కులవల్లనే 2023 మార్చి వరకు ఇంటర్నెట్ సంగీత వేదికలమీద దొరకలేదు. అది విడుదలకావడానికి కొద్ది వారాల ముందు ఆ బృందంలోని ముగ్గురిలో ఒకరైన ట్రూగాయ్ కన్నుమూశాడు. నేటి కుర్రవాళ్ళు పాత పాట వినడం లేదని నిందించేవారు, వారికి అది ఎన్నేళ్ళు అందకుండా దాచి ఉంచబడినదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1996లో అమెరికన్ ప్రభుత్వం చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం అంతకంటె పెద్ద దెబ్బ. అప్పటివరకు దేశం మొత్తంమీద ఒక కంపెనీకి ఉండదగిన రేడియో స్టేషన్లకు పరిమితి ఉండేది: 40. ఆ పరిమితిని ఎత్తివేశారు. కొద్ది సంవత్సరాలలోనే క్లియర్ ఛానల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి 1,200కు పైగా స్టేషన్లు వచ్చాయి. ఊరి స్టేషనులో కూర్చుని ఊరివారి పాట ఎంచుకునే మనిషి స్థానంలో, ఎక్కడో తయారైన ఒకే జాబితా అన్ని ఊళ్ళలో మోగడం మొదలైంది. అంబులెన్సు మీద పాట కట్టడానికి ఇవాళ కూడా మనుషులున్నారు. ఆ జాబితాలో దానికి చోటు ఇచ్చేవారే తగ్గారు. ఏ వర్గాన్నీ నొప్పించని సరుకు కావాలి. కార్లు, గడియారాలు, మత్తు, స్త్రీల శరీరాలు, పరస్పర బెదిరింపులు ప్రకటనకర్తను నొప్పించవు. నల్లజాతి యువకుడు తోటి నల్లజాతి యువకుని మీద పిస్తోలు ఎత్తే పాటకు అడ్డం రాని మార్కెట్టు, అతడే ఇంటి యజమానిమీద వేలెత్తితే ఎందుకో ముఖం తిప్పుకుంటుంది.

ఇప్పుడు రేడియో స్థానాన్ని ఫోను ఆక్రమించింది. ఇక్కడ లెక్క మన పీస్ రేటు వంటిది. స్పాటిఫై వేదికమీద శ్రోత 30 సెకన్లు వింటే ఒక వినికిడి కింద జమ. ఏడు నిమిషాల 'ది మెసేజ్'కూ ఒక్కటే, రెండు నిమిషాల పాటకూ ఒక్కటే. ముక్కకింత అని కూలి కడితే ముక్కలు చిన్నవవుతాయని బీడీ కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు. పీఠిక పోయింది, కథ పోయింది. మొదటి అరనిమిషంలోనే చెవి పట్టుకులాగే ఊతపదం మిగిలింది. 2024నుంచి ఏడాదిలో వెయ్యి వినికిడులు రాని పాటకు ఆ వేదిక పైసా చెల్లించదు. 2024లో కెండ్రిక్ లమార్, డ్రేక్ అనే ఇద్దరు అగ్రగాయకుల మధ్య సాగిన దూషణల పోరును మన ఆఫీసులలో కుర్రవాళ్ళు క్రికెట్ మ్యాచి మాదిరి అనుసరించారు. ఇద్దరి పాటలనూ లోకానికి అమ్మినది ఒకే గుత్త సంస్థ, యూనివర్సల్. ఎవరు గెలిచినా గల్లాపెట్టె ఒక్కటే.

ఈ వాదనను మేము ఆ యువ సార్టింగ్ అసిస్టెంటుకు వినిపించినప్పుడు అతడు పూర్తిగా ఒప్పుకోలేదు. అదే కెండ్రిక్ లమార్ పాట ఒకటి 2015లో పోలీసు హింసకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలలో వేలమంది గొంతుల్లో నినాదమైందని, 2018లో అతని ఆల్బంకు పులిట్జర్ బహుమతి వచ్చిందని గుర్తు చేశాడు. నిజమే. మేము విన్నాము, ఆ శిల్పం ముందు మా విమర్శ చిన్నబోతుంది. గుత్త సంస్థ కూడా ఎప్పుడైనా మంచి పాటను అమ్ముతుంది, అమ్ముడైతే. మా ఫిర్యాదు సగటు సరుకు మీద. మా మహిళా విభాగపు కామ్రేడ్ ఒకరి అభ్యంతరం మరింత బలమైనది. "పాత పాటల్లో మాత్రం ఆడవాళ్ళను తిట్టినవి లేవా? మీ జాబితాలో స్త్రీ పేరు ఎన్నిచోట్ల ఉంది?" అన్నారామె. లెక్క చూస్తే జాబితాలోని ఇరవై పాటలలో స్త్రీ కంఠం ఒక్కటే. ఆ ఒక్కటి క్వీన్ లతీఫా 1993లో, వీధిలోనూ ఇంటిలోనూ స్త్రీని అవమానించేవారికి జవాబుగా పాడినది, గ్రామీ బహుమతి పొందినది. ఎం.సి. లైట్, రాక్సాన్ షాంటే పేర్లు ఆమె చెప్పగా చేర్చుకున్నాము. పాతదాన్ని మెచ్చుకునేటప్పుడు దాని బూతునూ పాపాన్నీ కడిగి చూపించే అలవాటు మనకు కొత్త కాదు. ఈ విషయంలో ఆమె మందలింపును స్వీకరిస్తున్నాము.

అయినా తూకం వేయవలసివస్తే మా మొగ్గు పాతదానివైపే. వింటున్నవాడికీ పాడుతున్నవాడికీ మధ్య దూరం అందులో ఒక పార్కు అంత ఉండేది. అబద్ధం చెబితే ముందు వరుసలోనివారే వెక్కిరించేవారు. బుర్రకథలో వంతపాడే హాస్యగాడు కథకుని మాటకు అడ్డు తగిలి ఊరి సంగతి అడిగినప్పుడు కథ ఎలా నేలమీదికి దిగుతుందో, ఆ పాటలలోనూ అదే దిగుడు మాకు వినిపించింది. రెండింటికీ చుట్టరికం ఉన్నదని మేము అనడం లేదు, మా చెవికి తెలిసిన పోలిక అది.

సెడ్జ్‌విక్ అవెన్యూ భవనం సంగతి చెప్పి ముగించవలసి ఉంది. హిప్ హాప్ పుట్టిల్లని 2007లో ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆ భవనం తక్కువ అద్దెల పథకం కింద ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే యజమానులు దానిని పథకంనుంచి తప్పించి, మార్కెట్టు అద్దెలకు ఇవ్వడానికి పూనుకున్నారు. అద్దెదారులు సంఘటితమై పోరాడారు. కూల్ హెర్క్ వారి పక్షాన నిలిచాడు. 1973లో అతడు రికార్డులు తిప్పిన గది ఆ ఇళ్ళ కిందనే ఉంది.

మా తదుపరి కార్యవర్గ సమావేశంలో విషయాన్ని తిరిగి చర్చకు పెట్టాము. అరగంట వాదోపవాదాల తరువాత రెండవరోజు సాయంత్రం ఎనిమిది నిమిషాలు కేటాయిస్తూ తీర్మానం ఆమోదించబడింది. పది అడిగితే ఎనిమిది వచ్చాయి, మన వేతన ఒప్పందాల తీరులోనే. యువకుడు రాత్రి షిఫ్టులో సంచులు దింపడం గురించి, చిరునామా సరిగా లేని ఉత్తరాల గురించి తెలుగులో రాస్తున్నాడు. పెళ్ళి ఊరేగింపు మాట అన్న సీనియర్ కామ్రేడ్ గతంలో బుర్రకథ దళంలో డక్కీ వాయించినవారు. గత ఆదివారం యూనియన్ కార్యాలయంలో రిహార్సలు చూడడానికి వచ్చి, కాసేపు గోడకానుకుని విని, "నీ మాట తాళంకంటె ముందు పరుగెత్తుతోందయ్యా, నేను పట్టుకుంటాను ఆగు" అని ఇంటికి వెళ్ళి డక్కీ తెచ్చుకున్నారు.